పీఠిక చదవనివాడు

పుస్తకం చేతికి రాగానే ముందున్న పీఠికలూ తొలిపలుకులూ గుప్పెట్లో పట్టి ఒక్కసారిగా తిప్పేసి, మొదటి అధ్యాయం మీద వేలు పెట్టడం నాకు చాలాకాలం ఉన్న అలవాటు. మీకు లేదంటే నమ్మను. పీఠిక అంటే ఎవరెవరికో కృతజ్ఞతలు, పుస్తకం ఎంత కష్టపడి తెచ్చారో ఆ గోడు, ఇంతేగదా అనుకునేవాణ్ణి. కథ ఉన్నది లోపల. లోపలికి వెళ్ళడానికి గుమ్మంలో నిలబడి ఉపన్యాసం వినాలా?

ఆ అలవాటు పుణ్యాన ఒక విదేశీ పరిశోధన పత్రిక ముందు ఎంత ఘనంగా బోల్తాపడ్డానో చెబుతాను. ఏ పత్రికో మాత్రం చెప్పను. తప్పు వాళ్ళది కాదు కాబట్టి వాళ్ళ పేరు ఇందులోకి లాగడం బాగుండదు.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. 2001లో మొదటి సినిమా వచ్చాక జె.ఆర్.ఆర్. టోల్కీన్ అనే పేరు విన్న లక్షల మందిలో నేనూ ఒకణ్ణి. సినిమా చూశాక 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చదివాను. నిద్ర మానేసి చదివాను. అది అయిపోయాక ఏదో పోగొట్టుకున్నట్టుండి, హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల గుట్టలు వెతుకుతుంటే 'ద సిల్మరిల్లియన్' దొరికింది. అట్ట వెనక భాగం లేదు. ముందు భాగం ఉంది. పీఠికా భద్రంగానే ఉంది, నాకే దాని అవసరం కనిపించలేదు.

ఆ పుస్తకం సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లం చెప్పిన ఆచార్యుడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మొదలుపెట్టిన ఒక పురాణాన్ని జీవితమంతా రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ, పూర్తి చేయకుండానే 1973లో పోయాడు. నాలుగేళ్ళ తర్వాత, 1977లో, ఆయన కొడుకు క్రిస్టఫర్ ఆ కాగితాల్లోంచి ఒక పుస్తకాన్ని నిలబెట్టి అచ్చు వేయించాడు. అదే సిల్మరిల్లియన్. లోపలి పేజీలో 'సంపాదకుడు క్రిస్టఫర్ టోల్కీన్' అని ఉంటుంది. నేను చూశాను. సంపాదకుడంటే కామాలూ ఫుల్‌స్టాపులూ సరిచూసేవాడని నా ఉద్దేశం.

కథకి ప్రాణం మూడు మణులు. రెండు దివ్యవృక్షాల వెలుగును బంధించి ఫెయనోర్ అనే శిల్పి చేసిన సిల్మరిల్స్. వాటిని దక్కించుకోవాలని చేయి చాచినవాడల్లా నాశనమవుతాడు. చదువుతూ చదువుతూ ఇరవై రెండో అధ్యాయానికి వచ్చేసరికి లేచి కూర్చున్నాను. డోరియత్ రాజు థింగోల్ దగ్గర ఒక మణి ఉంటుంది. తన కూతుర్ని అడిగిన బెరెన్‌ని కన్యాశుల్కంగా ఆ మణి తెమ్మని పంపినవాడు ఈయనే. దాన్ని ఒక హారంలో పొదగమని మరుగుజ్జు కంసాలులకు ఇస్తాడు. పని అయ్యాక హారం మాదంటే మాదని వాదు పెరిగి, మెనెగ్రోత్ అనే ఆ గుహానగరంలో, భూమి లోపల, కొలిమి దగ్గరే వాళ్ళు రాజుని చంపేస్తారు.

మణి, మణి కోసం హత్య, మణితో పాటు కూతురు, గుహ.

వినాయకచవితి నాడు అక్షింతలు నెత్తిన వేసుకుని ఈ కథ వినని తెలుగువాడు ఉంటాడా? సూర్యుడిచ్చిన శమంతకమణి, దాన్ని మెడలో వేసుకుని వేటకెళ్ళి సింహం చేతిలో చచ్చిన ప్రసేనుడు, సింహాన్ని చంపి మణిని గుహలోకి తీసుకుపోయిన జాంబవంతుడు, నింద మాపుకోవడానికి గుహలో దూరి ఇరవై ఎనిమిది రోజులు పోరాడిన కృష్ణుడు, చివరికి మణితో పాటు జాంబవతి. ఆ తర్వాత మణి తిరిగిచ్చిన కృష్ణుడికి సత్రాజిత్తు తన కూతురు సత్యభామని ఇవ్వడం, అదే మణి కోసం శతధన్వుడు సత్రాజిత్తుని నిద్రలో చంపడం. అన్నీ ఉన్నాయి. వెలుగుతో సహా అన్నీ ఉన్నాయి. ప్రపంచంలో ఇది నాకొక్కడికే కనిపించిందని ఆ రాత్రి నాకు ఖాయమైపోయింది.

మామూలుగా అయితే ఆ సంబరం స్టాఫ్ రూములో రెండు రోజులు చెప్పుకోవడంతో ఆగిపోయేది. కానీ అది యూజీసీ 2010లో నిబంధనలు మార్చాక వచ్చిన పాయింట్ల కాలం. ప్రమోషన్ కావాలంటే పేపర్లు అచ్చు కావాలి. కావాలన్నప్పుడు అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. డబ్బు కడితే మూడో రోజుకి 'అంతర్జాతీయ' జర్నల్లో పేపరు వచ్చేసేది, ఐఎస్ఎస్ఎన్ నంబరుతో సహా. మా వాళ్ళలో చాలామంది కట్టారు. నేను కట్టలేదు. అది నిజాయితీ అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సగం నిజాయితీ, సగం టెక్కు. మీరంతా కొనుక్కున్న జర్నల్లో కాదు, అసలైన దాంట్లో వేయించి చూపిస్తానని మనసులో ఒక పంతం. పెద్దలు కట్టిన గడప ఎక్కాలనుకున్నవాడు గడప ఎత్తు చూసుకోవాలి. నేను నా గొప్ప చూసుకున్నాను.

అసలైనవి ఉన్నాయని తెలుసుకోవడమే నాకప్పుడు వింత. ఒక్క రచయిత మీద, అదీ ఎల్ఫులూ డ్రాగన్లూ రాసిన రచయిత మీద, పండితులు నడిపే పత్రికలు! అమెరికాలో 'మిత్‌లోర్' 1969 నుంచీ వస్తోంది. బ్రిటన్‌లోని టోల్కీన్ సొసైటీ వాళ్ళ 'మాలోర్న్' 1970 నుంచీ. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళు 2004లో మొదలుపెట్టిన 'టోల్కీన్ స్టడీస్' ఏడాదికొక సంపుటం. చూడగానే నాకు కలిగిన ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాను. పిల్లల కథల మీద పత్రికే కదా, షేక్‌స్పియర్ మీద పత్రికంత గట్టిగా ఉండదులే అనుకున్నాను. నిజానికి అక్కడ చదివేవాళ్ళు మధ్యయుగ భాషల్లో తలపండినవాళ్ళు. పైగా ఇలాంటి రచయితని చిన్నప్పటినుంచీ ప్రేమించి, ప్రతి పేజీ కంఠతా పట్టి, ఆ తర్వాత పండితులైనవాళ్ళు. షేక్‌స్పియర్ పండితుణ్ణయినా ఏమార్చవచ్చునేమో గానీ వీళ్ళని కాదు.

వ్యాసం ఎలా రాశానో వింటే మీరు నవ్వుతారు, నవ్వండి. వాళ్ళడిగిన నిడివికి దాదాపు రెట్టింపు రాశాను. మొదటి మూడోవంతు పురాణాల గురించి సాధారణ సత్యాలు. రామాయణ భారతాలు ఎంత గొప్పవో పడమటి పాఠకుడికి పరిచయం. తర్వాత మాక్స్ ముల్లర్. కాలేజీ లైబ్రరీలో ఆయన పుస్తకాలు బీరువాలో అలాగే ఉన్నాయి, ఎవరూ తీయక. పురాణాలన్నిటికీ మూలం సూర్యుడేనన్న ఆయన సిద్ధాంతం నా మణికి సరిగ్గా అతికింది. సూర్యుడిచ్చిన శమంతకం, వెలుగుతో చేసిన సిల్మరిల్. ఇంకేం కావాలి? చివరి మూడోవంతు అసలు వాదన: గుహ. మణి గుహలోకి దిగడమంటే సూర్యుడు అస్తమించడం, గుహలో హత్య అంటే చీకటి గెలవడం, టోల్కీన్ ఈ ప్రాచీన రహస్యాన్ని తెలిసో తెలియకో తన రాజుని గుహలో చంపి ఆవిష్కరించాడు. శీర్షికలో కూడా గుహ ఉంది. 'టోల్కీన్ ఇక్కడ ఈ క్రియాపదాన్నే ఎంచుకోవడంలో' అంటూ ఆ హత్య జరిగిన పేరాని మాటమాటా విడదీసి రెండు పేజీల వ్యాఖ్యానం. ఈ రెండు పేజీలు గుర్తుంచుకోండి.

పంపిన పద్ధతి ఇంకో ముచ్చట. వ్యాసం ఎవరు రాశారో పరిశీలించేవాళ్ళకి తెలియకూడదు, పేరు తీసేసి పంపమని వాళ్ళ సూచనల్లో స్పష్టంగా ఉంది. సూచనలు కూడా ఒక రకం పీఠికే కదా, నేను చదవలేదు. ప్రతి పేజీ నెత్తిన నా పేరు, పేరు పక్కన డిగ్రీలు. పేజీ నంబర్లు నా దగ్గరున్న చవక ముద్రణవి. టోల్కీన్ ఉత్తరాలను వాటి క్రమసంఖ్యతో ఉదహరించాలి, లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌కి ఏ సంపుటం, ఏ పర్వం, ఏ అధ్యాయమో చెప్పాలి, ఎందుకంటే ముద్రణ ముద్రణకీ పేజీలు మారతాయి. నా కాపీలో 212వ పేజీ ఇంకొకళ్ళ కాపీలో ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? ఎడిటర్‌కి రాసిన ఉత్తరంలో మాత్రం 'ఈ అంశాన్ని ప్రాచ్య దృష్టితో చూసినవారు ఇంతవరకు లేరు' అని రాశాను. లేరని ఎలా తెలిసింది? నేను వెతకలేదు కాబట్టి నాకు ఎవరూ కనబడలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ప్రిన్సిపాల్‌గారు కనబడినప్పుడల్లా 'ఏమైందండీ మీ అమెరికా పేపరు' అనేవారు. 'పరిశీలనలో ఉందండి' అనేవాణ్ణి, సివిల్స్ ఇంటర్వ్యూ ఇచ్చొచ్చినవాడిలా.

జవాబు వచ్చింది. వేసుకోవడం లేదని ఎడిటర్ రెండు మర్యాద వాక్యాలు, కింద ఇద్దరు పరిశీలకుల అభిప్రాయాలు. మొదటివాళ్ళది క్లుప్తంగా ఉంది. పోలికలు ఆసక్తిగా ఉన్నాయి, కానీ పోలిక చూపడం వాదన కాదు, రెండు కథలూ పక్కపక్కన పెట్టాక పాఠకుడికి కొత్తగా ఏం తెలిసింది అని. రెండోవాళ్ళది రెండు పేజీలు. మాక్స్ ముల్లర్ గురించి టోల్కీన్ స్వయంగా 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో అద్భుతకథల మీద ఇచ్చిన ఉపన్యాసంలో తన అభిప్రాయం చెప్పారని, ముల్లర్ని ఆయన పక్కన పెట్టేశారని, వ్యాసకర్త ఆ ఉపన్యాసం చదివినట్టు లేదని. తర్వాత అసలు దెబ్బ. వ్యాసమంతా ఆధారపడిన ఆ అధ్యాయం టోల్కీన్ చివరివరకూ తిరగరాయలేకపోయిన భాగమని, 1977 పుస్తకంలో ఉన్న రూపం క్రిస్టఫర్, ఆయనకి సాయంగా ఉన్న గై గావ్రియల్ కే కలిసి కల్పించినదని, గుహలో రాజు చనిపోవడం వాళ్ళ ఏర్పాటేనని. కాబట్టి టోల్కీన్ ఆ క్రియాపదాన్ని ఎందుకు ఎంచుకున్నాడన్న చర్చ నిలవదని. అడుగున చదవాల్సిన పుస్తకాల పేర్లు రాసి, రాజు మరణం గురించిన పాత రూపం చూస్తే వ్యాసకర్తకి ఇంకా మంచి పోలిక దొరకవచ్చని ఒక మాట.

ఆ చివరి మాట నేను చూడను కూడా చూడలేదు. ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినప్పుడు కళ్ళకి కింది వాక్యాలు ఆనవు. దొరలకి మన పురాణాలంటే చులకన, అదీ నా తీర్పు. పేరు చూసే తోసేశారు అనుకున్నాను. (పేరు చూపించింది నేనే. ప్రతి పేజీలోనూ.) కోపంగా ఒక జవాబు టైపు చేశాను. పంపలేదు, అది ధర్మగుణం వల్ల కాదు, కరెంటు పోయింది.

తర్వాత చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది. వ్యాసంలో ఒక్క అక్షరం మార్చకుండా, పై ఉత్తరం మాత్రం మార్చి, ఇంకో పత్రికకి పంపాను. ఈ రంగం ఎంత చిన్నదో తెలియదు నాకు. ఫలానా అధ్యాయం గురించి గట్టిగా చెప్పగలిగినవాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే ఉంటారు, ఏ పత్రిక ఎడిటరైనా వాళ్ళకే పంపుతాడు. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. పరిశీలకుడి అభిప్రాయం చాలా చిన్నది. ఈ వ్యాసాన్ని ఇంతకుముందు మరో పత్రిక కోసం చదివానని, అప్పుడు రాసిన రెండు పేజీలూ దీనికి వర్తిస్తాయని, అవి వ్యాసకర్తకి అందలేదేమోనని మళ్ళీ జతచేస్తున్నానని. వెటకారం లేదు. నిజంగానే అందలేదేమోనన్న అనుమానంతో రాసినట్టుంది. వెటకారమైతే తిట్టుకుని సరిపెట్టుకునేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో తెలుగు మాస్టారు ఒక్కరే ఉన్నారు. రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి. అటెండెన్సు రిజిస్టర్లో ఎరుపు గీతలు గీసుకుంటున్నారు.

"ఏవండీ, మొహం అలా ఉందేంటి?" అన్నారు.

"ఏం లేదు మాస్టారూ. మన కథలంటే వాళ్ళకి లోకువ. అంతే."

"ఏవన్నారేంటి?"

ఆయనకి టోల్కీన్ ఎవరో తెలియదు. ఇంగ్లీషు సినిమా చూసే మనిషి కాదు. అందుకని కథంతా చెప్పి, పరిశీలకుడి రెండు పేజీలు తెలుగులో చదివి వినిపించడం మొదలుపెట్టాను, ఆయన నా పక్షాన ఉంటారన్న నమ్మకంతో. అధ్యాయం ఎవరు రాశారన్న చోటికి వచ్చేసరికి గబగబా దాటెయ్యబోయాను. ఆయన గీతలు గీయడం ఆపారు.

"ఆగండాగండి. తండ్రి రాస్తూ రాస్తూ పోయాడు. మధ్యలో ఖాళీ ఉండిపోయింది. దాన్ని కొడుకు పూరించి, తండ్రి పేరు మీదే వేశాడు. అంతేనా?"

"అంతేనండి."

"మరిందులో మీకు కోపం దేనికండీ? ఎర్రన చేసిందీ అదే కదా. అరణ్యపర్వ శేషం రాసి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు, నన్నయ్యే రాస్తున్నట్టు."

నేనేదో అనబోయాను. ఆయన మళ్ళీ రిజిస్టర్లోకి వంగుతూ, ఏ ఉద్దేశమూ లేకుండానే, "ఆమధ్య పద్యాల పోటీలో ఆ పిల్లకి మార్కులు కోసింది మీరే కదండీ దానికి" అన్నారు.

కోసింది నేనే. ఆ పోటీకి జడ్జి ఒకరు రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. సెకండియర్ అమ్మాయి ఒకతె అరణ్యపర్వంలో పద్యం చక్కగా, గుక్క తప్పకుండా చదివి, చివర 'నన్నయ భట్టారకుడు' అంది. పద్యం శేషభాగంలోది. ఇంగ్లీషు లెక్చరర్నయితేనేం, నన్నయ్య భారతం మొదలుపెట్టిన ఊళ్ళో పుట్టినవాణ్ణి. శరత్కాల రాత్రుల వర్ణన దగ్గర ఆయన కలం ఆగిందనీ, దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత ఎర్రన అందుకున్నాడనీ, మధ్యలో తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాసేశాడనీ గోదావరి గట్టున ఎవరిని లేపి అడిగినా చెబుతారు. అందుకని మార్కులు కోయడమే కాదు, మైకు తీసుకుని ఆ పిల్లకి హితబోధ కూడా చేశాను. ఒక కవి పద్యాన్ని ఇంకో కవికి అంటగట్టడం ఇద్దరికీ అపచారమమ్మా, పుస్తకంలో ముందు ఎవరు రాశారో చూసుకోవాలి కదా, అని. సభ చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి తల ఊపి వెళ్ళి కూర్చుంది.

ఇప్పుడు ఆ చప్పట్లు నా చెవుల్లో వేరేగా వినబడ్డాయి. ఎర్రన పద్యంలో ఒక క్రియాపదం పట్టుకుని 'నన్నయ్య ఈ మాటని ఎంచుకోవడంలో' అని రెండు పేజీలు రాసుకొస్తే నేనేం చేసేవాణ్ణి? కాగితం చింపి మొహాన కొట్టేవాణ్ణి. ఆ పరిశీలకుడు అంత పనీ చేయలేదు. రెండుసార్లు ఓపిగ్గా చెప్పాడు. నన్నయ్య విషయంలో నిద్రలో లేపినా అడిగే ప్రశ్నని టోల్కీన్ విషయంలో అడగాలని నాకు తోచనే లేదు. ఎందుకు తోచలేదో అప్పుడే అక్కడే కూర్చుని ఆలోచించాను. అది పిల్లల కథ కదా అన్న చిన్నచూపు ఒకటి. దాని వెనక ఇంకోటి ఉంది, అది ఒప్పుకోవడం కష్టమైంది. దొరలకి మన పురాణాలు లోకువ అని ఎగిరానే, వాళ్ళ పురాణం నాకు లోకువయ్యింది. పాఠం ఎవరిది, ఏ రూపం ముందు, ఏది తర్వాత అన్న గౌరవం మన కావ్యాలకే గానీ వాళ్ళ ఎల్ఫుల కథలకి అక్కర్లేదనుకున్నాను.

ఇంటికెళ్ళి ఆ పుస్తకం తీసి పీఠిక చదివాను. నాలుగు పేజీలు కూడా లేదు. తండ్రి రాతల్లో ఎన్నో రూపాలున్నాయని, వాటిలోంచి ఎంచి ఒక వరసలో పెట్టానని, పూర్తి పొందిక ఆశించవద్దని క్రిస్టఫర్ అందులోనే చెప్పాడు. 1974–75లో తనతో పనిచేసి ఎంతో సాయపడ్డ గై కే పేరు కూడా అక్కడే ఉంది. ఈ కే అనే కెనడా కుర్రాడు తర్వాత తనే పేరున్న ఫాంటసీ నవలాకారుడయ్యాడు. అంటే నా రెండు పేజీల వ్యాఖ్యానం ఆయన మాటకో, క్రిస్టఫర్ మాటకో చేసినదై ఉండాలి. టోల్కీన్‌ది మాత్రం కాదు.

తర్వాతి సంక్రాంతికి డల్లాస్ నుంచి వస్తూ మా మేనల్లుడు రెండు పుస్తకాలు తెచ్చిపెట్టాడు. "మావయ్యా, ఇంత బరువు మోయించావు, ఇందులో ఏముంది?" అన్నాడు. తండ్రి చిత్తుప్రతులన్నిటినీ క్రిస్టఫర్ 1983 నుంచి 1996 దాకా పన్నెండు సంపుటాలుగా వేశాడు, ఏ వాక్యం ఏ కాగితం మీద ఉంది, ఏది పెన్సిలుతో, ఏది దాని మీద ఇంకుతో అని చెబుతూ. పదకొండో సంపుటం 1994లో వచ్చింది. అందులో డోరియత్ పతనం గురించి ఆయన రాసింది చదువుతుంటే నా వ్యాసం ఇటుక ఇటుకా ఊడిపోయింది. డోరియత్ చుట్టూ రాణి మెలియన్ వేసిన మంత్రవలయం ఉంది, శత్రుసేన లోపలికి రాలేదు, కాబట్టి రాజుని ఎలాగో సరిహద్దు బయటికి రప్పించి అక్కడ చంపించాలి అని టోల్కీన్ తనకి తాను రాసుకున్న చీటీ ఒకటి ఉంది. బయట! ఆయన ఆలోచనలో చివరికి రాజు చావు గుహలో కాదు, గుహకి దూరంగా. నా శీర్షికతో సహా పోయింది.

ఇంకో సంపుటం ఇంకా పాతది, టోల్కీన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు రాసిన తొలి కథలు. అందులో ఈ రాజు పేరు టిన్వెలింట్. ఆయన ఎలా చనిపోతాడో తెలుసా? వేటకి వెళ్ళి. అడవిలో మరుగుజ్జులు చుట్టుముట్టి తల నరుకుతారు. నేను పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. మణి ఉన్నవాడు వేటకి వెళ్ళి చావడం, అది ప్రసేనుడి కథ. నా వాదనకి కావలసిన పోలిక నిజంగా ఉంది, టోల్కీన్ స్వహస్తాలతో రాసిన చోటే ఉంది. 'ఇంకా మంచి పోలిక దొరకవచ్చు' అని ఆ పరిశీలకుడు చూపించింది దీన్నే. ఆయనకి ప్రసేనుడు తెలిసి ఉండకపోవచ్చు. వేట అనే మాట మాత్రం నా వ్యాసంలో చదివి గుర్తుపట్టాడు. నేను కొట్టడానికి చెయ్యెత్తిన మనిషి నా చేతిలో వజ్రం పెట్టబోయాడు.

అయితే అప్పటికి నాకు కాస్త బుద్ధి వచ్చింది. మొదటి పరిశీలకుడి ప్రశ్న మిగిలే ఉంది: పోలిక కుదిరితే ఏమిటి? టోల్కీన్ భాగవతం చదివాడనడానికి నా దగ్గర ఆధారం లేదు. సెయింట్ ఆండ్రూస్ ఉపన్యాసం అప్పుడు శ్రద్ధగా చదివాను. కథ అనేది మన ముందు వడ్డించిన సూపు, దాన్ని రుచి చూడడం మానేసి అడుగున ఏ ఎముకలు ఉడికాయో తవ్వకండి అన్న పాత పోలికొకటి ఆయన అందులో వాడుకున్నాడు. నేను చేసింది ఎముకలు తవ్వడం కూడా కాదు, మా ఇంటి ఎముక ఆయన గిన్నెలో వేసి, దొరికిందని కేక పెట్టడం.

ఈ తవ్వకంలో నాకు అంటుకున్న జబ్బు ఇంకోటుంది. ఆయన ఏ పుస్తకం తీసినా ముందు ఏ ముద్రణో చూడకుండా చదవలేను. 1937లో వచ్చిన 'ద హాబిట్' మొదటి ముద్రణలో గొల్లుం ఉంగరాన్ని పందెంలో ఓడితే ఇస్తానని తనే ఒప్పుకుంటాడు, 1951 ముద్రణలో ఆ అధ్యాయాన్ని టోల్కీన్ మార్చేశాడు, తర్వాతి పెద్ద కథకి సరిపడేలా. మార్చకముందు ఉన్న గొల్లుం, మార్చాక ఉన్న గొల్లుం ఒకడు కాదు. ఆయన రాతప్రతులు కొన్ని ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో, లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌వి 1957లో కొనుక్కున్న అమెరికాలోని మార్క్వెట్ యూనివర్సిటీలో ఉన్నాయి. ఆ కాగితాల కోసం సముద్రాలు దాటి వెళ్ళేవాళ్ళున్నారని తెలిశాక, ఆబిడ్స్ గుట్టలో దొరికిన ఒక్క కాపీతో నేను చేసిన సాహసం తలుచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది. ధైర్యం మాత్రం ఉండేది.

క్రిస్టఫర్ గురించి ఒక మాట. ఆ పదకొండో సంపుటంలోనే ఆయన రాశాడు: డోరియత్ కథని అలా మార్చక తప్పదని అప్పుడు అనుకున్నాను, ఆ ఆలోచన పొరపాటని ఇప్పుడు తోస్తోంది, సంపాదకుడు దాటకూడని హద్దు దాటాను అనే అర్థం వచ్చేలా. పుస్తకం వచ్చిన పదిహేడేళ్ళకి, ఎవరూ నిలదీయకముందే, అచ్చులో. నేనైతే తెలుగు మాస్టారి దగ్గర కూడా 'అవునండీ, పొరపాటే' అనడానికి వారం పట్టింది.

ఆ రాక్షస వ్యాసాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టాను. పురాణాల గొప్పతనం పోయింది. ముల్లర్ పోయాడు. గుహ పోయింది. చివరికి శమంతకం కూడా పోయింది, దాన్ని తీసేటప్పుడు మాత్రం పంటి నొప్పిలా అనిపించింది. మిగిలింది ఒక చిన్న నోటు: రాజు చావు తొలి కథలో అడవిలో ఎందుకుంది, చివరి చీటీల్లో సరిహద్దు బయట ఎందుకుంది, అచ్చయిన పుస్తకంలో లోపలికి ఎందుకు వచ్చింది, ఆ మంత్రవలయం వల్ల కథకి వచ్చిన చిక్కేమిటి. పేరు తీసేసి, ఉత్తరాలు క్రమసంఖ్యతో, గొప్పలేవీ లేని రెండు వాక్యాల లేఖతో పంపాను. అక్కడక్కడ సవరించమన్నారు, సవరించాను, వేసుకున్నారు. పరిశీలకుడు పాత ఆయనేనా అని ఎప్పటికీ తెలియదు. భాష చూస్తే ఆయనే అనిపించింది. కాలేజీలో మాత్రం పాయింట్లు రాలేదు. ఫారంలో 'పూర్తి వ్యాసం' అనే గడి ఉంది, 'నోటు' అనే గడి లేదు.

అచ్చయిన కాపీ రాగానే మాస్టారికి చూపించాను. అప్పటికి ఆయన రిటైరై ఇన్నీసుపేటలో ఇంటి దగ్గరే ఉంటున్నారు. ఇంగ్లీషు కదా అని వద్దనకుండా అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరిదాకా చదివారు. వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి పేజీ చూశారు.

"బాగుందండీ. మరి ఇందులో శమంతకమణి ఏదండీ?"

"తీసేశానండి మాస్టారూ. ఆధారం లేదు."

"అయ్యో," అన్నారు, నిజంగానే నొచ్చుకుని. "నాకు అర్థమయ్యేది అదొక్కటే కదండీ."